నానమ్మ జాకెట్టు తిరగేసి చూడు

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన స్కెచ్‌లు, ప్లాను అన్నీ నిదానంగా చూశాను. ఫైనలియర్ డిస్‌ప్లేకి నానమ్మ పట్టుచీరలన్నీ సీలింగ్ నుంచి వేలాడదీసి, మధ్యలో నిలువుటద్దం పెట్టి, దానికి 'స్త్రీ అస్తిత్వం' అని పేరు పెడతానన్నావు. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ పని చెయ్యకు. చీరలు ఇవ్వడం ఇష్టం లేక కాదు, పెట్టె నీకే పంపిస్తాను. కానీ చీరని ఎవరు వేలాడదీసినా అందంగానే ఉంటుంది, బట్టల షాపులవాళ్ళు రోజూ చేసేది అదే కదా. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇది గద్వాలా, అది ఉప్పాడా" అనుకుంటారు, అద్దంలో ఫొటో తీసుకుంటారు, పక్క రూముకి వెళ్ళిపోతారు. నానమ్మ ఎక్కడా కనిపించదు, నువ్వూ కనిపించవు.

చీర విప్పి మడత పెడితే మళ్ళీ ఐదున్నర మీటర్ల గుడ్డే. కట్టుకున్న మనిషి లావో సన్నమో దాన్ని చూసి చెప్పలేం. జాకెట్టు అలా కాదు, ఒంటి కొలతకి కత్తిరించి కుట్టింది, ఒళ్ళు మారితే అదీ మారాల్సిందే. అందుకని చీరలు పక్కన పెట్టి పెట్టె అడుగున చూడు, పాత తువ్వాలులో చుట్టి జాకెట్లు ఉంటాయి. అందులో ముదురాకుపచ్చ పట్టుది నానమ్మ పెళ్ళికి కుట్టించింది, పండగలకీ పేరంటాలకీ తీసి తొడుక్కునేది కాబట్టి ఇన్నేళ్ళు నిలిచింది. దాన్ని తిరగేసి పక్క కుట్ల దగ్గర చూడు.

మన టైలర్లు లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి కుడతారు కదా, తర్వాత వదులు చేసుకోవడానికి పనికొస్తుందని. అక్కడ విప్పిన కుట్ల గుర్తులు పక్కపక్కనే వరసగా ఉంటాయి, దారం పోయి సూది రంధ్రాలు మాత్రం మిగిలాయి. అన్నిటికన్నా లోపలిది పెళ్ళినాటి కొలత. దాని పక్కది మీ నాన్న పుట్టాక. ఆ తర్వాతది నేను పుట్టాక, అది బాగా ఎడంగా ఉంటుంది. కుట్టు విప్పి వదులు చేసిన ప్రతిసారీ లోపల దాగున్న గుడ్డ కొంచెం బయటికొచ్చింది, అక్కడ ఆకుపచ్చ ఇంకా కొత్తగా ఉంటుంది, పక్కనేమో వెలిసిపోయి ఉంటుంది. చివర్లో షుగరొచ్చి మనిషి చిక్కిపోయాక మళ్ళీ లోపలికి ఒక చేతికుట్టు పడింది. దారం రంగు కూడా కలవలేదు. టైలరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక తనే వేసుకుంది. ఎడం భుజం మీద పైట పిన్నీసు గుచ్చీ గుచ్చీ గుడ్డ జల్లెడైపోయింది. చంకల దగ్గర చెమటకి రంగు మారి గట్టిపడింది.

ఫొటోల్లో నానమ్మ ఎప్పుడూ పైట నిండుగా కప్పుకునే ఉంటుంది, ఆవిడ ఒళ్ళు ఎలా మారుతూ వచ్చిందో ఏ ఆల్బమ్‌లోనూ దొరకదు. ఆ జాకెట్టు లోపలివైపు మాత్రం మొత్తం ఉంది. నీకు కావలసింది అదే అనుకుంటున్నా.

ఈ దారిలో నీకంటే ముందు నడిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని చూసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టారో చూడు. శిల్పి లూయీస్ బూర్జువా అమ్మానాన్నలు ఫ్రాన్సులో పాత టాపెస్ట్రీలు, అంటే నేతలోనే బొమ్మలు వచ్చే గోడ తెరలు, బాగుచేసే పని చేసేవాళ్ళు. చిరిగిపోయిన చోట మనిషి బొమ్మకి కాళ్ళూ పాదాలూ పోయి ఉంటే, మళ్ళీ నేయడానికి వీలుగా ఆ పాదాలు గీసివ్వడం చిన్నప్పుడు ఆమె పని. ఎనభై దాటాక, 1990ల మధ్యలో, దశాబ్దాలుగా దాచుకున్న సొంత బట్టలు బయటికి తీసింది. 1996లో చేసిన ఒక పనిలో లోపలి లంగాలూ గౌన్లూ పెద్ద పశువుల ఎముకలకి తగిలించి ఉంటాయి, హ్యాంగర్ల బదులు ఎముకలు. దాని ముందు నిలబడితే ఇది ఆడదాని గురించి అని ఎవరూ చెప్పక్కర్లేదు. సన్నటి గుడ్డ, బరువైన ఎముక, ఒకప్పుడు ఈ రెంటి మధ్యా ఉండాల్సిన ఒళ్ళు ఇప్పుడు లేదు. అంతే.

మన పక్కనే బెంగళూరులో షీలా గౌడ ఉంది. ఆమె మొదట పెయింటరు. 1992 తర్వాత దేశంలో జరిగిన గొడవలు చూశాక ఆవుపేడ, దారం, కుంకుమ లాంటివాటితో పనిచెయ్యడం మొదలుపెట్టింది. 1998లో 'అండ్ టెల్ హిమ్ ఆఫ్ మై పెయిన్' అని ఒక పని చేసింది. సూది బెజ్జంలోంచి దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా మొత్తం లాగడం, అలా సూది తర్వాత సూది, దారం తర్వాత దారం, వాటన్నిటినీ కలిపి జిగురూ కుంకుమా పట్టించి తాడు చెయ్యడం. ఎర్రటి పొడవాటి తాడు గది అంతా పాకుతుంది, చివర గుత్తిగా సూదులు వేలాడుతుంటాయి. ఫొటోలో చూసి బాగుంది అని తిప్పెయ్యకు. ఒకసారి నువ్వే కూర్చుని రీలు దారం మొత్తం ఒక సూదిలోంచి లాగి చూడు. మెడ పట్టేస్తుంది, వేళ్ళు మండుతాయి, విసుగొస్తుంది. ఆ విసుగు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలిసిందే, ఆమె దాని గురించి ఒక్క మాట రాయకుండా దాన్నే కొలిచి చూపించింది. నీ పనిలో కూడా చేతికి అంత పని పెట్టు. సీలింగ్‌కి కట్టి దిగిపోతే సాయంత్రానికి అయిపోతుంది, చూసేవాడికీ అంతే సేపట్లో అయిపోతుంది.

జపాన్ ఆవిడ చిహారు షియోటా 2001లో యోకొహామాలో పెద్ద పెద్ద గౌన్లకి మట్టి పూసి పైనుంచి నీళ్ళు కారేలా చేసింది. ఎంత కారినా మట్టి పోదు. జానా స్టెర్బాక్ అని కెనడాలో పేరు తెచ్చుకున్న ఆర్టిస్టు 1987లో పచ్చిమాంసం ముక్కలతో గౌను కుట్టింది, దాని మీద పెద్ద గోల జరిగింది, అందరూ ఆ గోలే గుర్తుపెట్టుకున్నారు. నాకు నచ్చింది మాత్రం వేరే. ఎగ్జిబిషన్ జరిగినన్నాళ్ళూ ఆ మాంసం ఎండుతూ, ముడుచుకుంటూ, చివరికి తోలులాగా అయిపోతుంది. తొడుక్కునే బట్టే చూస్తుండగా ముసలిదవుతుంది. షాక్ ఒక్క రోజే ఉంటుంది, ఎండడం మాత్రం ప్రతి రోజూ ఉంటుంది. నువ్వు ఎంచుకోవలసింది రెండోది.

ఇక నీ రెండో ఆలోచన, నువ్వే ఆ జాకెట్టు తొడుక్కుని ఫొటోలు దిగడం. చెయ్యొచ్చు, కాకపోతే ముందు ఆర్టిస్టు పుష్పమాల ఎన్. చేసింది బాగా చూడు. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000 నుంచి 2004 దాకా 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' అని ఒక సిరీస్ చేసింది. రవివర్మ లక్ష్మిలా తానే నిలబడింది, ఆ కిరీటం, ఆ తామరపువ్వు, ఆ ఎర్రచీర అన్నీ పూసపూసా మళ్ళీ కట్టించి. బ్రిటిష్‌వాళ్ళు మన జనాన్ని గళ్ళ తెర ముందు నిలబెట్టి కొలతలకోసం ఫొటోలు తీసేవాళ్ళు కదా, ఆ తెర ముందూ తానే నిలబడింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు టైలరు టేపు గుర్తొస్తుంది. మనల్ని కొలిచేవాళ్ళు ఎవరు, ఎందుకు కొలుస్తున్నారు, ఆ అంకెలు ఎవరి పుస్తకంలో ఉంటాయి? నీ జాకెట్టు పనికి ఇది చాలా దగ్గరి ప్రశ్న. ఆది జాకెట్టు టైలరుకిచ్చి "దీని కొలతకే కుట్టండి, కాస్త వదులు" అని మనం ఎన్నిసార్లు అనుంటాం, ఆ 'కాస్త వదులు' వెనక ఎంత సిగ్గు, ఎంత భయం ఉంటుందో నీకు తెలుసు.

నానమ్మ జాకెట్టు నీకు పట్టదు, భుజాలు సరిపోవు. పట్టకపోవడమే ఫొటో. లాగి హుక్కులు పెట్టుకుని సర్దుకోవద్దు, పైగా పాత పట్టు చీలిపోతుంది. ముందు పెట్టుకుని నిలబడు చాలు.

ఒంటితో చేసే పని ఏదైనా, జాగ్రత్తలు ముందే అనుకో. ఆర్టిస్టు యోకో ఓనో 1964లో జపాన్‌లో 'కట్ పీస్' చేసింది, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోనూ చేసింది. వేదిక మీద కదలకుండా కూర్చుని, పక్కన కత్తెర పెట్టి, ఒక్కొక్కరే వచ్చి నా బట్టల్లోంచి ఒక ముక్క కత్తిరించుకుపొండి అంది. మొదట్లో జనం మర్యాదగా చిన్న ముక్కలు కత్తిరించారు. న్యూయార్క్‌లో ఒక కుర్రాడు వచ్చి లోపలి బట్టల పట్టీలు కూడా కత్తిరించేశాడు, ఆమె చేతులు అడ్డం పెట్టుకుంది, అదంతా ఫిల్ములో ఉంది. నువ్వు జనాన్ని ముట్టుకోనిచ్చే పని ఏదైనా చేస్తే, ఎక్కడ ఆపాలో ముందే రాసిపెట్టుకో, ఆపడానికి ఒక స్నేహితురాలు గదిలో ఉండాలి. నీ ఫొటోలు నీకు నమ్మకమున్న అమ్మాయి చేతే తీయించు, ఫైల్స్ నీ దగ్గరే ఉండాలి, ఎవరి ఫోనులోనూ మిగలకూడదు. దీన్ని పిరికితనం అని ఎవరన్నా అంటే పట్టించుకోకు. ముంబైలో శకుంతలా కులకర్ణి పేముతో కవచాలు అల్లించి తొడుక్కుని 2010ల మొదట్లో నగరమంతా తిరిగి ఫొటోలు దిగింది. అవి చూస్తే కవచమా, పంజరమా అని మనకే తేలదు. కాపాడుకోవడం కూడా ఈ విషయంలో భాగమే.

హైదరాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి, ఈ వారంలో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళి ముసుగు రెబెకా బొమ్మ ముందు కాసేపు నిలబడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన బొమ్మ అది, మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్నది. పాలరాయిలో మేలిముసుగు ఎంత పల్చగా వచ్చిందో అని జనం నోరెళ్ళబెట్టి చూస్తుంటారు, నేనూ చూశాను, ఆ పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ కాస్త ఎక్కువసేపు నిలబడితే తెలుస్తుంది, ఆ నైపుణ్యమంతా ముసుగులోనే ఉంది, ముసుగు వెనక మనిషి మనకేమీ చెప్పదు. తల వంచుకుని చూపించబడుతూ ఉంటుంది. నువ్వు వేలాడదీద్దామనుకున్న చీరలు కూడా అదే చేస్తాయని నా బెంగ.

లంబాడీ అద్దాల కుట్టు అంచుకి వేస్తానన్నావు, ఎందుకు? అందంగా ఉంటుందనే అయితే వద్దు. నానమ్మకీ దానికీ సంబంధం లేదు. నానమ్మ బొంతలు కుట్టింది. పాత చీరలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి గుండ్రంగా కుట్టుకుంటూ వచ్చేది, మధ్యాహ్నాలు వీధిలో ఆడవాళ్ళతో కలిసి. ఆ కుట్టు నీకొచ్చు, నేనే నేర్పించాను. జాకెట్లు పరిచే గుడ్డకి ఆ కుట్టు వెయ్యి, మొత్తం చేత్తో. ఎవరి చేతన్నా సాయం చేయించుకుంటే కూలి సరిగ్గా ఇవ్వు, ఆవిడకి ఇష్టమైతే పేరు గోడ మీద నీ పేరు పక్కనే, అదే సైజులో రాయించు. పెద్దపెద్ద గ్యాలరీల్లో కూడా కుట్టినవాళ్ళ పేర్లు కనిపించవు, అది నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

పని విషయాలు కొన్ని. ముందు ఏదీ ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, మరకలు పోతే మొత్తం పోయినట్టే. ప్రతి జాకెట్టూ రెండు వైపులా ఫొటో తీసి, ఎవరిది, సుమారు ఎప్పటిది, ఎవరు కుట్టారు, ఎన్నిసార్లు విప్పారు రాసిపెట్టుకో. క్లిప్పులతో వేలాడదీస్తే పాత పట్టు భుజాల దగ్గర చిరుగుతుంది, అందుకని ఉతికిన గంజి లేని తెల్ల కాటన్ గుడ్డ చుట్టిన బోర్డు మీద లోపలివైపు పైకి వచ్చేలా పరిచి, సన్నటి దారంతో అక్కడక్కడా పట్టించు, కొంచెం ఏటవాలుగా పెట్టు. లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి, తక్కువగా పడాలి. అప్పుడే ఆ సూది రంధ్రాలు కనిపిస్తాయి, రంగు కూడా పాడవదు. చూసేవాళ్ళు వంగి చూడాల్సొచ్చే ఎత్తులో పెట్టు.

గోడ మీద రాసే నోట్‌లో అస్తిత్వం, పితృస్వామ్యం లాంటి మాటలతో మొదలుపెట్టకు. అవి అబద్ధాలని కాదు, ఆ మాట చదవగానే జనం తమకి తెలిసిందే అనుకుని పని వైపు చూడరు. "పట్టు జాకెట్టు, పెళ్ళికి కుట్టించింది, రెండుసార్లు వదులు చేసింది, ఒకసారి బిగించింది" అని రాయి. టైటిల్ దొరక్కపోతే ఇప్పుడే టెన్షన్ పడకు, పని అయ్యాక అదే వస్తుంది.

నానమ్మవి ఇవ్వడానికి నేనూ మీ నాన్నా ఒప్పుకున్నాం. మీ అమ్మవి కూడా పెడదామని రాశావు, వాటి సంగతి వేరు. వదిన బతికున్న మనిషి, నీ కాన్పప్పటి జాకెట్టు మీద పాల మరకలున్నాయి, అది ఆవిడ ఒంటి సంగతి. ఫోన్‌లో అడగొద్దు. ఇంటికెళ్ళి, జాకెట్టు చేతికిచ్చి, ఎక్కడ పెడతావో, ఎవరెవరు చూస్తారో, పేపర్లో ఫొటో పడొచ్చని కూడా చెప్పి అడుగు. ఆలోచించుకోడానికి టైమివ్వు. వద్దంటే మళ్ళీ అడక్కు, అలగకు కూడా.

పెట్టె శనివారం కారులో పంపిస్తున్నా, తాళం విడిగా కవర్లో ఉంటుంది. తెరవగానే నాఫ్తలిన్ ఉండలు తీసేసి నీడలో గాలికి పెట్టు, ఎండలో వద్దు. ఆకుపచ్చదానికి మాత్రం కత్తెర పెట్టకు, మిగతావి నీ ఇష్టం. డిస్‌ప్లే తేదీ ఖాయమవగానే చెప్పు, నాకూ మీ నాన్నకీ టికెట్లు చేయించుకోవాలి.

మీ అత్త