బ్యాంకుకు మీ విడాకుల డిక్రీతో పని లేదు, ముందు ఈఎంఐ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 72 వేలు వస్తాయి. 2023లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. పదేళ్ల పాప నా దగ్గరే ఉంటోంది. మేముంటున్న నిజాంపేట ఫ్లాటు, దాని మీద ఇంటి రుణం ఇద్దరి పేర్లతోనే ఉన్నాయి. ఫ్లాటు అమ్మేదాకా నెలకు 38 వేల ఈఎంఐ ఆయనే కట్టాలని, అమ్మాక మిగిలింది చెరిసగం పంచుకోవాలని డిక్రీలో ఉంది. పాపకు నెలకు 20 వేలు, స్కూలు ఫీజులో సగం, అంటే ఏడాదికి 60 వేలు కూడా ఆయనే ఇవ్వాలి. తొమ్మిది నెలలుగా పాప డబ్బు రావడం లేదు, ఈ ఏడాది ఫీజూ ఇవ్వలేదు. రెండు నెలలుగా ఈఎంఐ కూడా ఆగింది. బ్యాంకు వాళ్లు నాకు ఫోన్లు చేస్తున్నారు. ‘ఫ్లాటు మొత్తం నీకే రాసిస్తాను, అప్పు నువ్వు కట్టుకో, పాత బాకీ అడగవద్దు, ఇక నెలనెలా డబ్బూ అడగవద్దు’ అంటున్నారు. ఫ్లాటు 80 లక్షలు పలుకుతుంది, అప్పు 34 లక్షలు మిగిలింది. నా దగ్గర 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఆయన అడిగిన పద్ధతిలో అయితే ఒప్పుకోవద్దు. ఎందుకో చెబుతాను. కానీ దానికంటే ముందు ఈ వారంలోనే తేల్చుకోవలసిన పని ఒకటుంది.

మీ డిక్రీ మిమ్మల్నీ ఆయన్నీ కట్టిపడేస్తుంది కానీ బ్యాంకును కాదు. రుణ పత్రాల మీద మీ సంతకం ఉన్నంతకాలం ఆ 34 లక్షలకూ మీరూ పూర్తి బాధ్యులే. సగానికి కాదు, మొత్తానికి. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండి బకాయి కింద పడుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంది. సిబిల్ స్కోరు ఇప్పటికే ఇద్దరిదీ తగ్గుతూ ఉంటుంది. రేపు ఎవరి సాయమూ లేకుండా ఒక చిన్న అప్పు తీసుకోవాలన్నా మీకు ఆ స్కోరే ఆధారం.

అందుకని మీ ఎఫ్‌డీలోంచి 76 వేలు తీసి ఆగిన రెండు వాయిదాలూ కట్టేయండి. ‘ఆయన కట్టాల్సింది నేనెందుకు కట్టాలి’ అనిపించడం సహజం, ఆ కోపం న్యాయమైనదే. అయితే మీరు కట్టినంత మాత్రాన ఆ డబ్బు పోయినట్టు కాదు. వేరొకరు చెల్లించాల్సిన సొమ్మును తన ప్రయోజనం కాపాడుకోవడానికి చెల్లించిన మనిషి దాన్ని తిరిగి రాబట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 69వ సెక్షన్ చెబుతోంది. మీ ఖాతా నుంచే నేరుగా రుణ ఖాతాకు పంపండి. అదే రోజు ఆయనకు ఈమెయిల్ రాయండి: ఫలానా తేదీ డిక్రీ ప్రకారం మీరు కట్టవలసిన రెండు వాయిదాలు, 76 వేలు, మీ తరఫున నేను చెల్లించాను, ఇది మీ బాకీలో కలుస్తుంది. అంతే, ఇంకో మాట వద్దు. బ్యాంకు శాఖకు వెళ్లి, రుణ స్టేట్‌మెంటు ప్రతి నెలా మీ ఈమెయిల్‌కూ పంపమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దీనికోసం పర్సనల్ లోనుకు గానీ నగలు కుదువ పెట్టడానికి గానీ వెళ్లవద్దు.

ఇప్పుడు ఆయన ప్రతిపాదన. ఫ్లాటు విలువలోంచి అప్పు తీసేస్తే 46 లక్షలు మిగులు, అందులో ఆయన వాటా 23 లక్షలు. అది వదులుకుంటున్నారు కాబట్టి పెద్ద మనసుతో ఇస్తున్నట్టే కనిపిస్తుంది. బదులుగా ఆయన తప్పించుకునేది ఎంతో చూడండి. పాప డబ్బు తొమ్మిది నెలలకు 1.8 లక్షలు, ఫీజు వాటా 60 వేలు, ఈఎంఐలు 76 వేలు, కలిపి 3.16 లక్షలు. పాపకు 18 ఏళ్లు నిండడానికి ఇంకా ఎనిమిదేళ్లు. నెలకు 20 వేల చొప్పున 19.2 లక్షలు, ఫీజులో సగం ఇప్పటి రేటుకే 4.8 లక్షలు, మొత్తం 24 లక్షలు. భవిష్యత్తులో రావలసిన డబ్బును 7 శాతం వడ్డీతో ఈ రోజు విలువకు కుదిస్తే సుమారు 18 లక్షలు అవుతుంది. పాత బాకీ కలిపితే 21 లక్షలు దాటుతుంది. కాగితం మీద దాదాపు సరితూగింది కదా! అందుకే నాకు భయం. సరితూగినట్టు కనబడే బేరానికే మనిషి త్వరగా సంతకం పెడతాడు.

ఈ లెక్కలో లేనివి రెండున్నాయి. ఫీజులు ఎనిమిదేళ్లు ఒకేచోట ఉండవు, ఇంటర్ కోచింగు మొదలయ్యేసరికి ఎంత పెరుగుతాయో ఈ నగరంలో పిల్లల్ని చదివించే ప్రతి ఇంటికీ తెలుసు. రెండోది, మీకు వచ్చేది గోడలు, ఆయనకు మిగిలేది నగదు. మీ 72 వేలలో 38 వేలు ఈఎంఐకి పోతే 34 వేలు. స్కూలు ఫీజు మొత్తం మీరే కట్టాలి కాబట్టి నెలకు మరో 10 వేలు. మిగిలిన 24 వేలతో కిరాణా, కరెంటు, అపార్టుమెంటు మెయింటెనెన్సు, ఆటో ఖర్చులు, జ్వరమొస్తే డాక్టరు. ఇలా దాదాపు పన్నెండేళ్లు. ఒక్క నెల జీతం ఆగితే మళ్లీ బ్యాంకు ఫోన్లే, ఈసారి అడగడానికి ఆయన కూడా ఉండరు. పైగా సగం జీతం ఈఎంఐకే పోయే మనిషి ఒక్కరి పేరు మీదకు రుణం మార్చడానికి బ్యాంకు ఒప్పుకోవడం కష్టం. ఫ్లాటు మీ పేర రాసినా రుణంలో ఇద్దరూ ఉండిపోతే ఈ ముడి విడిపోయినట్టు కాదు.

ఇంకొకటి చాలా ముఖ్యం. పాపకు రావలసిన మనోవర్తి పాపది. తల్లి సంతకంతో అది రద్దయిపోదు. మీరు వదులుకుంటానని రాసిచ్చినా కోర్టు పిల్ల అవసరాన్నే చూస్తుంది. ఆ మాట ఆయన లాయరుకూ తెలుసు. కాబట్టి ఫ్లాటు బేరంలో పాప డబ్బును కలపనివ్వవద్దు. పాత బాకీ సర్దుబాటు మాట్లాడుకోవచ్చు, ముందు నెలలది మాత్రం కాదు.

నా అభిప్రాయం ఫ్లాటు అమ్మడమే. పాప స్కూలు దగ్గరే ఉండాలని మీకు అనిపించవచ్చు, అక్కడే 25 వేలకు అద్దెకు దిగినా ఈఎంఐ కంటే 13 వేలు తక్కువ. చేతిలో 23 లక్షల దాకా ఉంటాయి, దానికి ఆయన బాకీ కలుస్తుంది. అమ్మకం ఒప్పందం రాసే రోజునే ఆ బాకీ 3.16 లక్షలు ఆయన వాటాలోంచి మీకు వచ్చేలా రాయించండి, కొనేవారి డీడీలు ఇద్దరి పేర్లతో విడివిడిగా తీయించండి. రుణం ముగింపు పత్రం, అసలు దస్తావేజులు బ్యాంకు నుంచి ఎవరు తెస్తారో కూడా అందులోనే ఉండాలి. ధర 50 లక్షలు మించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ మినహాయిస్తారు, అది మీ పాన్‌లో మీ వాటాకు కనబడిందో లేదో చూసుకోండి. మూలధన లాభం పన్ను ఎవరి సగానికి వారిదే. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే 12.5 శాతం, లేదా ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం, రెండింటిలో ఏది తక్కువో సీఏతో లెక్క వేయించండి. వచ్చిన డబ్బు మొదటి ఏడాది ఎఫ్‌డీలోనే ఉంచండి. ఇంకే పథకాల మాటా వద్దు, ఎవరు అడిగినా చేబదులు వద్దు.

ఆయన అమ్మకానికి సంతకం పెట్టకపోతే, పాప డబ్బు అసలే ఇవ్వకపోతే ఉన్న దారి డిక్రీ అమలు చేయించమని కోర్టులో ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, వేయడం. సంతకానికి నిరాకరించినవారి తరఫున దస్తావేజు మీద కోర్టే సంతకం చేయించగలదు. మామూలు అప్పుల డిక్రీల కంటే మనోవర్తి డిక్రీకి జీతం జప్తులో ఎక్కువ వెసులుబాటు ఉంది, ఉద్యోగికి మూడింట ఒక వంతు వదిలి మిగతాది జప్తు చేయవచ్చు. మీకు డిక్రీ కాకుండా మనోవర్తికి పాత సీఆర్‌పీసీ 125 కింద, అంటే ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 144 కింద, విడిగా ఉత్తర్వు కూడా ఉంటే గడువు గుర్తుంచుకోండి. బాకీ పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఆ మొత్తానికి వారంటు అడగలేరు. మీకు ఇప్పటికే తొమ్మిది నెలలు అయింది. లాయరు ఫీజు భయమైతే, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేసినా చాలు. ఆయన మాట్లాడుకోవడానికి సిద్ధమంటే, ఆ మాటలు లోక్ అదాలత్‌లో జరగనివ్వండి. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, ఫోనులో చెప్పిన మాటకు ఉండదు.

అక్కడికి వెళ్లేటప్పుడు చేతిలో ఒక లెక్క పుస్తకం ఉండాలి. నెల, రావలసింది, వచ్చింది, బాకీ, రుజువు, ఈ ఐదు గళ్లు చాలు. ‘జూన్, ఫీజు వాటా 60,000, వచ్చింది సున్నా, బాకీ 60,000, స్కూలు రసీదు జతపరిచాను’ అని ఒక్కో వరుస రాసుకోండి. ఆయన ఎప్పుడైనా చేతికి నగదు ఇస్తే తీసుకోండి కానీ అదే సాయంత్రం ‘5,000 అందాయి’ అని వాట్సాప్ చేయండి. మీ లెక్కలో నిజాయితీ కనబడితే మిగతా వరుసలనూ నమ్ముతారు.

విడాకులు అయిన నాటి నుంచి పీఎఫ్, బీమా, బ్యాంకు ఖాతాల్లో నామినీ మార్చారా? విడాకులతో నామినీ పేరు దానంతటది చెరిగిపోతుందని అనుకోవద్దు. పీఎఫ్‌ది యూఏఎన్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే మార్చుకోవచ్చు. పాప మైనరు కాబట్టి తనను నామినీగా పెట్టే ప్రతిచోటా సంరక్షకుల గడిలో మీ అమ్మగారి పేరో, మీరు నమ్మే తోబుట్టువు పేరో తప్పక రాయండి.