ముందు చక్రం హోరు పెడుతోందా? టైర్లు కొనకముందే బేరింగ్ చూడండి

మిషిగన్‌కు కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్నవాళ్లు చలికాలం వెళ్లాక తరచుగా అడుగుతుంటారు: "వేగం నలభై మైళ్లు దాటితే ముందు నుంచి హోరుమని మోత వస్తోంది, టైర్లు మార్చాలా?" తొందరపడి నాలుగు టైర్లు కొనకండి. చాలాసార్లు అది వీల్ బేరింగ్ (చక్రం నున్నగా తిరగడానికి దాని నడుమ ఉండే, లోపల ఉక్కు గుండ్లున్న రింగు) అయి ఉంటుంది.

ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు సీలు దాటి బేరింగ్‌లోకి చేరితే గ్రీజు పాడైపోయి, బాల్స్ తిరిగే చోట గుంటలు పడతాయి. మార్చి నెలలో రోడ్డు గుంతల దెబ్బలు సరేసరి.

కనిపెట్టడం కష్టం కాదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే అనుమానం కుడి బేరింగ్ మీద. అటు తిప్పితే ఇటు చూడాలి. నున్నటి తారు రోడ్డు ఎక్కగానే మోత బాగా తగ్గితే మాత్రం టైర్ల సంగతి చూసుకోండి. తర్వాత కారు జాకీతో ఎత్తి, కింద స్టాండ్ పెట్టి (ఒట్టి జాకీని నమ్మవద్దు), చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే, అంటే వదులుగా కదిలితే, బేరింగ్ అయినా కావచ్చు, బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) అయినా కావచ్చు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేయి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించండి. గరగరమని చేతికి తగిలిందా, ఇక సందేహం అక్కర్లేదు.

గ్రీజు పెట్టిస్తే పోతుందేమో అని ఇంటి దగ్గర నాన్నగారు అనవచ్చు. పాత అంబాసిడర్లకు అది చెల్లేది. ఇప్పటి కార్లలోవి సీలు చేసిన బేరింగ్‌లు, పోతే మార్చడమే.

మార్చడంలో రెండు రకాలు. కొన్ని కార్లకు హబ్ (చక్రం బిగించే నడిమి భాగం), బేరింగ్ కలిసి ఒకే ముక్కగా బోల్టులతో బిగించి ఉంటాయి. చేయి తిరిగినవాళ్లు వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాత హోండా సివిక్‌ల ముందు బేరింగ్ లాంటివి ప్రెస్‌తో (గట్టిగా అదిమే యంత్రంతో) నొక్కి కూర్చోబెట్టాలి. వాటిని షాపుకే ఇవ్వండి, సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్తదీ పాడవుతుంది. ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే పుల్లర్లు (బిగుసుకున్న భాగాలను లాగే పనిముట్లు) అరువిస్తారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని లీజులో ఉండొచ్చు, ఒకసారి చదవండి.

మీరే చేస్తే తుప్పుతో బిగుసుకున్న హబ్‌కు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టండి. బ్రేక్ క్యాలిపర్‌ను (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) బ్రేక్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. ప్రాణమంతా యాక్సిల్ నట్టులో, అంటే హబ్ నడుమ ఇరుసు చివర బిగించే పెద్ద నట్టులో ఉంది. పాతది మళ్లీ వాడవద్దు. కొత్తదాన్ని మీ కారు మాన్యువల్‌లో చెప్పిన లెక్కకు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) బిగించాలి, ఇంపాక్ట్ గన్‌తో కాదు. అది పూర్తిగా బిగించేదాకా కారు బరువు ఆ చక్రం మీద పడనివ్వకండి. ప్రెస్ రకం బేరింగ్‌లలో చాలావాటికి ఒకవైపు సీలులో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఉంటుంది. ఆ వైపు లోపలికి, సెన్సర్ దిక్కుకు రావాలి. తిరగబడితే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ అంతా విప్పాలి.

సామాను దగ్గర పిసినారితనం వద్దు. టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఎన్‌ఎస్‌కే, కోయో లాంటివి పేరున్న దుకాణంలో తీసుకోండి. ఊరూపేరూ లేని చవక హబ్‌కు అదే చాకిరీ రెండోసారి చేయాల్సి రావచ్చు.

షాపుకు ఇస్తే పని మొదలుపెట్టక ముందే రాతపూర్వక ఎస్టిమేట్ అడగండి, తీసేసిన పాత బేరింగ్ చూపించమనండి. మిషిగన్ చట్టం మీకు ఈ రెండింటికీ హక్కు ఇచ్చింది, మొహమాటపడకండి. వారంటీ ఉన్న కారును బయటి షాపులో బాగుచేయించినంత మాత్రాన వారంటీ పోదు, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది.

చక్రం ఊగుతున్నా, హోరు కాస్తా గరగరలోకి మారినా ఫ్రీవే ఎక్కవద్దు. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసి టోయింగ్ పిలిపించుకోండి.