ఎడమ నుంచా, కుడి నుంచా?

గుంటూరు, బ్రాడీపేట

అమ్మా,

నువ్వు పంపిన నలభై పేజీలూ రెండు రాత్రులు కూర్చుని చదివాను. డిగ్రీ మ్యాథ్స్ పిల్లల కోసం గ్రూప్ థియరీ మొత్తం తెలుగులో రాసి ఉచితంగా పంచుతానన్నావు. చెయ్యి. కానీ మొదటి పాతిక పేజీలు తీసెయ్యి. సమితులు, ప్రమేయాలు, గ్రూప్ నిర్వచనం, దాని వెనక డజను ఉదాహరణలు... ఇవన్నీ థామస్ జడ్సన్ ఆల్జీబ్రా పుస్తకంలో నీకన్నా నాకన్నా బాగా ఉన్నాయి. దాన్ని ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచుకోవచ్చు. లీనియర్ ఆల్జీబ్రాకి జిమ్ హెఫరన్ పుస్తకం ఉంది. ప్రతి లెక్కకీ పూర్తి జవాబుతో విడిగా ఇంకో పుస్తకం, పైగా లేటెక్ (లెక్కల పుస్తకాలు కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్) సోర్సుతో, అంటే దిద్దుకోగలిగే అసలు ఫైలుతో సహా ఇచ్చేశాడు మహానుభావుడు. వినాలనుకుంటే ఎంఐటీ వాళ్ల గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలు, మన ఐఐటీల ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉన్నాయి. సరుక్కి కొదవ లేదు.

కొదవల్లా మన పిల్లల దగ్గరికి వచ్చేసరికే. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకి ‘కోసెట్’ (గ్రూపు లోపలి ఒక చిన్న గ్రూపుని ఏదో ఒక మూలకంతో ఎడమ నుంచో కుడి నుంచో గుణిస్తే వచ్చే సమితి) అంటే ఏమిటో తెలియదు, దాని తెలుగు పేరు ‘సహసమితి’ అంటే అసలే తెలియదు. ఒకప్పుడు సహసమితి అనే రాయాలని పట్టుబట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ పట్టు వదిలేశాను. పరీక్ష పేపర్లో కనపడేది కోసెట్, కాబట్టి కోసెట్ అనే రాయి, వివరణ మాత్రం తెలుగులో చెప్పు. తెలుగు అకాడమీ పదాలు చివర ఒక పట్టికలో ఉంటే చాలు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం నీ 32వ పేజీ. పదిహేనేళ్ల కిందట నేను పడ్డ గుంటలోనే నువ్వూ కాలు పెట్టావు, ఏ పక్క నుంచి గుణిస్తున్నావో చూసుకోలేదు.

అప్పట్లో పర్మ్యుటేషన్ల మీద, అంటే అంకెల చోట్లు మార్చడం మీద, ఒక నోట్సు రాశాను. పాఠం ఒక పుస్తకం చూసి, లెక్కలూ జవాబులూ ఇంకో పుస్తకం చూసి. అందులో ఒక లెక్క: (1 2)(1 3) ఎంత? బ్రాకెట్లో ప్రతి అంకే తన పక్కదానికి వెళ్తుంది, చివరిది మొదటిదానికి వస్తుంది. కుడి నుంచి మొదలుపెట్టు. కుడి బ్రాకెట్ 1ని 3కి పంపుతుంది, ఎడమది 3ని కదపదు. కాబట్టి 1 పోయి 3 అయింది. 3 ముందు 1కి, అక్కణ్ణుంచి 2కి వెళ్తుంది. 2ని కుడి బ్రాకెట్ ముట్టుకోదు, ఎడమది 1కి పంపుతుంది. వెరసి (1 3 2). ఇప్పుడు ఎడమ నుంచి చెయ్యి. 1 పోయి 2, 2 పోయి 1 మీదుగా 3, 3 పోయి 1. వెరసి (1 2 3). రెండూ ఒప్పే. ఏ పక్క నుంచి గుణిస్తున్నామో ముందే చెప్పుకోవాలి, అంతే. జడ్సన్ కుడి నుంచి గుణిస్తాడు. ఆయన పుస్తకంతో కలిపి వాడే సేజ్ సాఫ్ట్‌వేర్ ఎడమ నుంచి గుణిస్తుంది. ఆ సంగతి ఆయన అక్కడే హెచ్చరించాడు కూడా. నేను హెచ్చరించలేదు, అసలు గమనిస్తేగా! నా పాఠం కుడి నుంచి నడిచింది, వెనక జవాబులు ఎడమ నుంచి వచ్చాయి. కోసెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎడమ కోసెట్ ఉండాల్సిన చోట కుడి కోసెట్ కూర్చుంది.

ఇది పట్టుకున్నది తోటి లెక్చరర్లు కాదు. మా వీధి చివర జిరాక్స్ షాపులో ఒకమ్మాయి నా నోట్సు చేతిలో పెట్టుకుని నించుంది. జవాబు పక్కన నాలుగు సార్లు కొట్టేసి ఉంది. తప్పు తనదే అనుకుని వారం రోజులుగా అదే లెక్క చేస్తోందట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరే, దిద్దుదామంటే ఎలా? ఆ నోట్సు డీటీపీ షాపులో పేజ్‌మేకర్లో ఏదో పాత ఫాంటుతో కొట్టించింది. షాపు మూసేశారు, ఫైలు ఏమైందో తెలీదు. నా దగ్గర ఉన్నది ప్రింటు ఒక్కటే. జిరాక్సుకి జిరాక్సు తీసుకుంటూ తెనాలి వెళ్లింది, నరసరావుపేట వెళ్లింది. ఉచితంగానే ఇచ్చాను, కానీ ఒక్క బ్రాకెట్ మార్చే వీలు నాకే లేకుండా ఇచ్చాను!

అందుకని పీడీఎఫ్‌తో పాటు సోర్సు ఫైలు కూడా పెట్టు. తెలుగు యూనికోడ్‌లోనే రాయి. మామూలు పీడీఎఫ్‌లేటెక్‌లో మన ఒత్తులు కుదరవు. జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ వాడు. మండలి, రామరాజా లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ప్రతి పేజీ అడుగున తేదీ పడేలా చూడు, పాత కాపీ ఏదో కొత్తది ఏదో పిల్లలకి తెలుస్తుంది. మొదటి పేజీలోనే ‘ఈ నోట్సులో కుడి నుంచి గుణిస్తాం’ అని పెద్దక్షరాల్లో రాయి.

లైసెన్సు సంగతి విసుగే గానీ తప్పదు. నీ అనుబంధంలో హెఫరన్ లెక్కలూ ఎంఐటీ నోట్సులోని భాగాలూ కలిపేశావు. హెఫరన్ తనదాన్ని అమ్ముకున్నా ఫర్వాలేదు, నువ్వూ అదే షరతుతో పంచమంటాడు. ఎంఐటీ వాళ్లు వ్యాపారానికి వాడొద్దంటారు. రెండు షరతులూ ఒక పుస్తకంలో ఇమడవు. హెఫరన్‌వి ఉంచుకో, ఎంఐటీకి లింకు ఇచ్చి ఊరుకో. టెలిగ్రామ్‌లో తిరిగే స్కాన్ పుస్తకాల జోలికి మాత్రం పోకు. డబ్బు కట్టకుండా దొరికినంత మాత్రాన అవి ఓపెన్ అయిపోవు.

నీ రాతలో నాకు బాగా నచ్చింది 36వ పేజీ. రెండు కోసెట్లకి ఒక్క మూలకం ఉమ్మడిగా ఉన్నా అవి రెండూ ఒకటే ఎందుకవుతాయో చెప్పావు. పెద్ద పుస్తకాల్లో రెండు లైన్లలో తేల్చేసే సంగతి అది, మన పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. నువ్వు ఒకటిన్నర పేజీ తీసుకున్నావు. అలాంటివి ఇంకో పది రాసి, మిగతాదానికి జడ్సన్‌లో ఏ అధ్యాయం చూడాలో చెప్తే నీ పుస్తకం అయిపోయినట్టే.

రాసినవి మీ కాలేజీలో లెక్కలంటే భయపడే ఇద్దరికి ముందు ఇవ్వు. ఫస్ట్ క్లాసు వాళ్లకి వద్దు, వాళ్లు నీ తప్పుల్ని తమంతట తామే సర్దుకుని చదివేస్తారు.

32వ పేజీ దిద్దాక సోర్సు ఫైలే పంపు. జవాబులు నేను కుడి నుంచి ఇంకోసారి చేసి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మేష్టారు