ఎన్‌సీసీలో చేరితే సైన్యానికి వెళ్లి తీరాలా?

అవసరం లేదు, పాఠశాలలో ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్)లో చేరినంత మాత్రాన ఆ తర్వాత సైన్యంలో పనిచేయాలన్న నిర్బంధం ఏదీ ఉండదు. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈ దళం రక్షణ శాఖ కింద నడిచినా, కవాతు, ఆయుధ శిక్షణ సైనిక సిబ్బంది చేతుల మీదుగానే సాగినా, క్యాడెట్ విద్యార్థే తప్ప సైనికుడు కాడు కనుక అతనికి యుద్ధ విధుల బాధ్యత వర్తించదు. ఎనిమిదో తరగతిలో జూనియర్ వింగ్‌లో చేరిన అమ్మాయి రెండేళ్లు ఖాకీ యూనిఫాం వేసుకొని, పాయింట్ టూటూ రైఫిల్‌తో గురి నేర్చుకొని, క్యాంపు ముగించి, 'ఎ' సర్టిఫికెట్ పరీక్ష రాసి నిక్షేపంగా పాలిటెక్నిక్‌కు వెళ్లిపోవచ్చు, బాండు అడిగేవారుండరు.

దీనికి ఎదురు అపోహ ఇంకా బలమైనది: కాలేజీలో ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ వస్తే సైన్యంలో అధికారి కొలువు ఖాయమని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. నిజానికి, అందులో కనీసం 'బి' గ్రేడు ఉన్న పట్టభద్రులకు ప్రత్యేక ప్రవేశంలో రాతపరీక్ష మాత్రమే తప్పుతుంది. సైనిక అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష అందరిలాగే దాటాలి.