రాత్రిళ్లు మేనేజర్ మెసేజ్‌లు ఆగట్లేదన్నందుకు
తమ్ముడూ, ఇంటికొచ్చాక కూడా రాత్రి పదింటిదాకా మేనేజర్ వాట్సాప్‌లో పని చెబుతున్నాడని, కాదంటే ఏమనుకుంటాడోనని టెన్షన్ అని రాశావు కదా. పర్లాకిమిడిలో నేనూ ఇదే పడ్డాను, కంచంలో ఉన్నది పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) కాబట్టి చల్లారే భయం లేదు గానీ ఒక చేతిలో ఉల్లిపాయ, ఇంకో చేతిలో ఫోన్.

ఎనిమిదయ్యాక ఆఫీసు గ్రూపును 8 గంటలు మ్యూట్ చెయ్యి. ఆండ్రాయిడ్ ఫోనైతే డోంట్ డిస్టర్బ్ పెట్టి, అందులో రిపీట్ కాలర్స్ ఆన్ చేస్తే, అదే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడే మోగుతుంది. ఈ సంగతి ఆయనకు పగలే, ఎదురుగా, నవ్వుతూ చెప్పు: "సార్, నిజంగా అర్జెంటైతే రెండుసార్లు చెయ్యండి." మెసేజ్ మాత్రం పెట్టకు, ఫిర్యాదులా కనిపిస్తుంది. మా సార్ వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ మోగింది ఒక్క రాత్రే, అదీ గోడౌన్ తాళాల కోసం.