విండోస్ తిరిగి వేసే ముందు ఏ ఫైళ్లు దాచుకోవాలి?

ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ తుడిచి విండోస్ కొత్తగా వేయబోతున్నాననీ, చేతిలో 64 జీబీ పెన్ డ్రైవ్ ఒక్కటే ఉందనీ, ఏవి ఉంచుకోవాలో తేలడం లేదనీ మీరు అడిగారు. ప్రతి ఫోల్డర్ దగ్గరా ఆగి, ఇది పోతే మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా అని చూడండి. సినిమాలు, ఇన్‌స్టాలర్లు దొరుకుతాయి. ఇంట్లో తీసిన ఫొటోలు, మీరు స్వయంగా రాసుకున్నవి దొరకవు.

అయితే ఫైలు ఒక్కటే దాచుకుంటే చాలదని నాకు నష్టపోయాకే తెలిసింది. మా నాన్నగారి వ్యాసాలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో టైపు చేయించి ఉండేవి. ఫార్మాట్ చేసే ముందు ఆ ఫోల్డర్‌ను జాగ్రత్తగా కాపీ చేసుకున్నాను గాని, ఫాంట్లు సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో ఉంటాయనీ, దానితోపాటే తుడిచిపెట్టుకుపోతాయనీ నాకు తట్టలేదు. తర్వాత తెరిస్తే తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపించాయి. అవి యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) ఫాంట్లు కావు కనుక, ఆ ఫాంట్ లేనిదే అందులో ఉన్నది తెలుగని కంప్యూటరుకు తెలియదు. చివరకు ఒక డీటీపీ సెంటరులో తెరిపించి, పీడీఎఫ్‌లు చేయించుకుని, యూనికోడ్‌లోకి మార్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మీ దగ్గర అలాంటి పాత ఫైళ్లుంటే, ఆ ప్రోగ్రాము ఇంకా పనిచేస్తున్నప్పుడే పీడీఎఫ్ ప్రతులు తీసి పెట్టుకోండి.

డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయని చాలామంది మరచిపోతారు. బ్రౌజర్ బుక్‌మార్కులు, స్టికీ నోట్స్ వంటివి యాప్‌డేటా అనే దాగి ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని విడిగా ఎగుమతి చేసుకోవడమో, ఖాతాతో సింక్ చేసుకోవడమో మేలు. డి డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) పెట్టి ఉంటే 48 అంకెల రికవరీ కీ తప్పకుండా కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే కొత్త విండోస్ ఆ డ్రైవ్‌ను తెరవడానికి దాన్ని అడగవచ్చు.

ఫొటోలకు 64 జీబీ చాలకపోతే, వాటిలో ఏవి తీసెయ్యాలా అని తర్జనభర్జన పడకుండా ఇంకొక డ్రైవ్ కొనండి. కాపీ అయ్యాక, ఫార్మాట్ చేయకముందే, ఆ పెన్ డ్రైవ్‌ను వేరొకరి కంప్యూటరులో పెట్టి ముఖ్యమైన ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. నేను ఆ పని చేసి ఉంటే ఫాంట్ల సంగతి ఆ రోజే బయటపడేది.