ఆ చేపను తొట్టిలో ఎందుకు వేసినట్టు?

గేమ్స్: మీ ప్రశ్నలు, నల్లగొండ నుంచి జవాబులు

ప్రశ్న: అన్నా, నేను, మా దోస్తు ‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’ ఆడుతున్నం. మొదటి సీన్‌లనే ఒక చేప తొట్టిల నుంచి కింద పడి కొట్టుకుంటుంటది. నేను తీసి నీళ్లల్ల ఏసిన. వాడు పట్టించుకోకుండ పోయిండు. తర్వాత ఇద్దరికీ అదే కథ నడిచింది. మరి మనల్ని అడుగుడెందుకు? ఉత్త మోసమేనా?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

తమ్ముడూ, సగం మోసమే. కాని ఆ సగం లేకపోతే ఇట్లాంటి గేమ్ ఒక్కటి కూడా పూర్తికాదు.

లెక్క చూడు. అడిగిన ప్రతిచోటా రెండు దారులు, ఏ దారికి ఆ కథే వేరు అనుకో. పది చోట్లకే 1,024 ముగింపులు. ఇరవై చోట్లంటే పది లక్షలు దాటుతాయి. ఎవరు రాస్తారు, ఎవరు గొంతు ఇస్తారు? అందుకే దారిని చీల్చి, కొంతదూరం నడిపించి, మళ్లీ తెచ్చి ఒకే సీన్‌లో కలుపుతారు. ఇదేం కొత్త తెలివి కాదు. 1967లో మాంట్రియల్ ఎక్స్‌పోలో చెకొస్లొవేకియా వాళ్లు ఒక సినిమా వేశారు. మధ్యలో ఆపి, హీరో ఏం చెయ్యాలో ప్రేక్షకులనే అడిగేవాళ్లు. కుర్చీకి ఉన్న బటన్ నొక్కి ఓటెయ్యాలి. ఏది గెలిచినా కథ తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది.

సినిమాకు లేనిది, గేమ్‌కు ఉన్నది ఒక చిట్టా. నువ్వు చేపను నీళ్లలో వేసినప్పుడు స్క్రీన్ మీద ‘సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టబిలిటీ’ అని మెరిసి పోతుంది, గమనించావా? నువ్వు ఆడించే కానర్ అనే మనిషిలాంటి యంత్రంలో కాస్త మనసు కదిలిందని రాసుకున్నట్టు. అట్లా పోగైన లెక్క ఎన్నో చాప్టర్ల తర్వాత, వాడు తనను పంపినవాళ్ల మాట దాటాలా వద్దా అన్న చోట బయటికొస్తుంది. మన గొలుసుకట్టు చెరువుల్లాగే. పై చెరువు తూము ఎవరు ఎప్పుడు ఎత్తారో అప్పుడే కనబడదు, కింది చెరువు అలుగు పోసేనాడు కనబడుతుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది 2015లో వచ్చిన ‘ది విచర్ 3’. (ఆడనివాళ్లు ఈ పేరా వదిలెయ్యండి, తర్వాత నన్ను తిట్టొద్దు.) అందులో హీరో పెంచిన పిల్ల సిరి బతుకుతుందా లేదా అన్నది చివరి యుద్ధంలో నీ కత్తి మీద ఆధారపడదు. పెద్దదిక్కు పోయి ఆమె కుమిలిపోతుంటే మందు తాగుదామన్నావా, మంచు ఉండలతో ఆడించావా? కోపమొచ్చి గది సామాను పగలగొడుతుంటే ఆపావా, కానిమ్మన్నావా? మంత్రగత్తెల సభకు ఆమె వెంట నువ్వూ పోతే తోడు నిలిచానని మురిసిపోతావు, గేమ్ మాత్రం దాన్ని తప్పు కింద వేస్తుంది. పిల్లను ఒంటరిగా పంపే నమ్మకం నీకు లేదన్నమాట! ఇట్లాంటివి అయిదు. ఇవే ముగింపును తేలుస్తాయని గేమ్ ఎక్కడా చెప్పదు. మొదటిసారి నా సిరి తిరిగి రాలేదు. మూడు రోజులు ఆ గేమ్ ముట్టలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ‘మాస్ ఎఫెక్ట్ 3’. 2007 నుంచి మూడు గేమ్‌ల పొడుగునా జనం తీసుకున్న నిర్ణయాలను మోసుకొచ్చి, చివర మూడు దారుల ముందు నిలబెట్టింది. ముగింపుల్లో తేడా రంగుల్లోనే ఉందని జనం గోల చేస్తే, గేమ్ వచ్చిన 2012లోనే ముగింపును పొడిగించి ఉచితంగా ఇచ్చారు. నన్నడిగితే ఆఖరి నిమిషంలో అడిగే ప్రశ్నకు విలువ తక్కువ. అప్పటికి నువ్వెవరో గేమ్‌కు తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా బాబు ఇంటర్ చదువుతున్నాడు. అయిపోయిన గేమ్‌నే మళ్లీ మొదటి నుంచి ఆడతాడు. ఇందులో ఏమన్నా ఇబ్బంది ఉందా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

ఇబ్బందేం లేదక్కా, రెండో ముగింపు వెతుకుతున్నాడు. అయితే మొదటి నుంచి ఆడనవసరం లేదని చెప్పండి. పెద్ద నిర్ణయం వచ్చినప్పుడల్లా వేరే సేవ్ పెట్టుకుంటే అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. ‘అండర్‌టేల్’ దగ్గర మాత్రం ఈ ఉపాయం పారదు. అందులో అందరినీ ఒకసారి చంపి ముగించాక, మళ్లీ మొదలుపెట్టి ఎంత బుద్ధిగా ఆడినా ఆ పాత మరక చివర్లో కనిపిస్తుంది. చదువు సంగతి మీరే చూసుకోండి, అది నా శాఖ కాదు.

ప్రశ్న: పిల్లలమర్రి చుట్టూ ఒక కథ అల్లి గేమ్ చేస్తున్నాను. ఇప్పటికే 14 ముగింపులయ్యాయి. ఎక్కడ ఆపాలి? దేంతో చెయ్యాలి?
– మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు

మూడింటి దగ్గర ఆపమ్మా. ముందు ఆ మూడూ రాసి, ఒక్కోదానికి ఆడేవాళ్లు ఏమేం చేసి ఉండాలో వెనక్కి లెక్కేసుకుంటూ రా. ట్వైన్ అనే టూల్‌తో చెయ్యి. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కోడింగ్ రాకున్నా మొదలుపెట్టొచ్చు.

నేనూ దాంతోనే ఒకటి చేశాను. నల్లగొండ నుంచి పోయే ఆఖరి పల్లెవెలుగు బస్సు. బత్తాయిల గంపతో ఒక అవ్వ ఎక్కుతుంది. సీటు ఇస్తావా, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటావా? నడిరాత్రి బస్సు చెడిపోతే ఇంటి తలుపు తీసేది ఆ అవ్వే. సీటు ఇచ్చి ఉంటేనే ‘రా బిడ్డా’ అనాలి. మా అక్క కూతురికిచ్చి ఆడమన్నాను. అది సీటు ఇవ్వలేదు, గంపలోంచి రెండు కాయలు కూడా కొట్టేసింది. అయినా అవ్వ తలుపు తీసి బువ్వ పెట్టింది. ‘మామా, నేను సీటియ్యలే గదా, నన్ను బిడ్డా అంటదేంది?’ అంది. చూస్తే, అవ్వ మెప్పు లెక్కలో ఒకటి కలిపే లైను సీటు ఇచ్చే దారి కింద రాయాల్సింది పోయి, రెండు దారులూ కలిసేచోట రాశాను. బుద్ధిమంతులు ఎంతమంది ఆడినా ఆ తప్పు దొరికేది కాదు. మీ ఇంట్లోనూ అట్లాంటి పిల్ల ఉంటే ముందు దానికే ఇవ్వండి.